బోర్లా, వెల్లకిలా

ఇప్పటివరకు నేను ఒకే ఒక్క మనిషి ప్రాణానికి పూచీ పడ్డాను. అప్పుడు ఇంజనీరింగు మూడో సంవత్సరం చదువుతున్నాను. కొమరోలు దాటాక బస్సు దిగి, మట్టిదారిన లోపలికి నడిస్తే వచ్చే పల్లెలో నా స్నేహితురాలి ఇల్లు. గొర్రెల దొడ్డి పక్కన నులక మంచం మీద కూర్చుని, చెంబెడు మజ్జిగ తాగి, వాళ్ళమ్మకు మాట ఇచ్చాను.

ఆమె అడిగింది చిన్న ప్రశ్నే. "పాపా, ఆ కారు పల్టీ కొట్టదు గదా?"

"కొట్టదత్తా. లెక్కలన్నీ నేనే ఏసినా. నాదీ పూచీ," అన్నాను.

ఆమె నా మొహం కాసేపు చూసి, చెంబు తీసుకుని లోపలికి వెళ్ళింది. నా స్నేహితురాలు దొడ్డి కంప దగ్గర నిలబడి నవ్వుతోంది. ఇంట్లో ఒప్పించే పని నా నెత్తిన పెట్టి, తాను గొర్రెపిల్లను ఎత్తుకుని ఆడిస్తోంది. నా మీద ఆమెకు అంత ధీమా.

మార్కాపురంలో మా కాలేజీ పిల్లలం పదకొండు మందిమి కలిసి రేసు కారు ఒకటి తయారు చేస్తున్నాం. ఒకటే సీటు, పైకప్పు లేదు, మోటారు సైకిలు ఇంజను, ఇనుప పైపుల చట్రం. తమిళనాడులో కాలేజీల మధ్య జరిగే పోటీకి దాన్ని తీసుకుపోవాలి. ఊళ్ళో వాళ్ళకు అది కారులాగే కనపడలేదు. షెడ్డు ముందు ఆగి, "ఇదేంది, చేనికి మందు కొట్టే మిషనా?" అని అడిగిన రైతులు ఉన్నారు.

కారు నడిపేది నా స్నేహితురాలే. ముందు మగపిల్లలు నలుగురు పోటీపడ్డారు. నలుగురూ స్టీరింగుతో కుస్తీ పట్టారు. ఈమె సీట్లో కూర్చుని, మొహంలో ఏ హడావిడీ లేకుండా, బండి చెప్పేది నడుముతో వింది. చిన్నప్పటి నుంచి వాళ్ళ నాయన మోటారు సైకిలుకు వెనక మేత మోపులు కట్టుకుని పొలం గట్ల మీద తోలిన పిల్ల. వెనక చక్రం ఎక్కడ జారబోతుందో జారకముందే తెలిసేదట. పైగా ఆమె బరువు నలభై రెండు కిలోలు. రేసు కారులో ప్రతి కిలో లెక్కే. మగపిల్లలు రెండు రోజులు మొహాలు మాడ్చుకుని, మూడో రోజు నుంచి ఆమెను 'డ్రైవరన్నా' అని పిలవడం మొదలుపెట్టారు.

జట్టులో నాకు వచ్చిన పని గాలి. కారు చుట్టూ గాలి ఎటు పోతుంది, ఎంత బలంగా పోతుంది, దాన్ని మన పనికి ఎలా వాడుకోవాలి, ఇదంతా నా భాగం. మా వైపు 'గాలి పని' అంటే పనికిమాలిన పని. మా నాయన అది విని, "కాలేజీకి పోయి గాలి పని నేర్చుకుంటాండావా పాపా," అని పడీపడీ నవ్వాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ పూట అన్నం తినలేదు.

గాలిని చులకనగా చూసేవాళ్ళంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. సైకిలు మీద పోతుంటే మొహానికి తగిలే గాలి వేరు, దోర్నాల బస్సు కిటికీలోంచి చెయ్యి బయట పెడితే తగిలే గాలి వేరు. వేగం రెండింతలైతే గాలి బలం నాలుగింతలవుతుంది. మూడింతలైతే తొమ్మిదింతలు. మెల్లగా పోయేవాడికి గాలి ఉన్నట్టే తెలియదు. వేగంగా పోయేవాడు దాన్ని తోసుకుంటూ పోవాలి. బస్సు కిటికీలో అరచేతి ముందు అంచును కాస్త ఎత్తితే చెయ్యి దానంతట అదే పైకి లేస్తుంది, దించితే కిందికి పోతుంది. నా చదువంతా ఆ చేతిలోనే ఉంది.

విమానం రెక్కకు ఉబ్బు పైన ఉంటుంది. ఆ ఉబ్బు మీదుగా పోయే గాలి వేగం పుంజుకుంటుంది. వేగం పెరిగిన చోట ఒత్తిడి తగ్గుతుంది, కింది గాలి రెక్కను పైకి నెడుతుంది. రేసు కారుకు కావలసింది లేవడం కాదు, నేలను పట్టుకోవడం. మలుపులో చక్రం జారకూడదంటే దాన్ని రోడ్డుకేసి గట్టిగా అదమాలి. అందుకని కారులో బస్తాలు వేస్తే లాభం లేదు, ఆ బస్తాలనూ మలుపు తిప్పాలి కదా. గాలి అదిమితే ఆ బాధ లేదు, అది మోయనక్కరలేని బరువు. కాబట్టి విమానం రెక్కలాంటిదాన్నే తిరగేసి, ఉబ్బు కిందికి, గుంట పైకి వచ్చేట్టు కారు వెనక బిగిస్తారు.

పుస్తకాలన్నీ దాన్ని తలకిందుల రెక్క అన్నాయి. నేను దానికి 'బోర్లా రెక్క' అని పేరు పెట్టుకున్నాను. విమానానిది సరిగ్గా ఉన్న రెక్క, మాది దాన్ని బోర్లా వేసిన రెక్క, నా బుర్రలో అంతే. ఆరు నెలలు షెడ్డులో ఆ మాటే వాడాను, జట్టు కూడా అదే అలవాటు చేసుకుంది. ఒక్క మా నాయనతో మాత్రం ఆ మాట ఎప్పుడూ అనలేదు. ఆయనకు కాగితం మీద గీసి ఇచ్చాను.

ఆ రెక్క చేసింది మా నాయనే. ఒకప్పుడు ఆయన పలకల ఫ్యాక్టరీలో చట్రాలు బిగించేవాడు. పిల్లలు పలకలు పట్టడం తగ్గాక రేకుల షెడ్లు వేయడం, గ్రిల్లులు చేయడం నేర్చుకున్నాడు. నా బొమ్మ ముందు పెట్టుకుని అల్యూమినియం రేకును ఇనుప గొట్టం మీద అరచేత్తో నొక్కుతూ వంచాడు. బలపంతో గీత గీసుకోవడం, అట్టముక్కను వంపుకు ఆనించి చూసుకోవడం, మళ్ళీ నొక్కడం. మూడు రోజులు పట్టింది. నేను లెక్కలో వేసిన వంపుకూ ఆయన చేతిలో వచ్చిన వంపుకూ మధ్య వేలిగోరు దూరలేదు.

చివరి రోజు దాన్ని కారు మీద పెట్టి, రెండడుగులు వెనక్కు వేసి చూశాడు. "పాపా, ఇది వెల్లకిలా ఉండాది. వానొస్తే నీళ్ళు నిలుస్తాయి గదా. రేకును ఎవరన్నా ఇట్ల ఏస్తారా?"

"ఇది ఇంటి కప్పు కాదు నాయనా. నీకు తెలియని దాంట్లో తలదూర్చొద్దు," అన్నాను. పదిమంది ముందు అన్నాను.

ఆయన బలపం జేబులో పెట్టుకున్నాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని ఆ సాయంత్రం మా అమ్మతో అన్నాడట. నాతో అనలేదు. ఆ రెక్క రెండు చివర్లా ఉండే బిగింపు రేకులకు పైనా కిందా ఒకే కొలతలో రంధ్రాలు గీసింది కూడా నేనే. ఎటు తిప్పినా బోల్టులు సరిపోతాయి, కుడిది ఎడమకు కూడా పనికొస్తుంది. అప్పుడు అదంతా నా తెలివి అనుకున్నాను.

గాలి కంటికి కనపడదు కాబట్టి రెక్క మీద దారం ముక్కలు అంటించి చూస్తారు. గాలి సాఫీగా పోతే దారాలు వెనక్కు వాలి కుదురుగా ఉంటాయి, గాలి విడిపోతే పిచ్చిగా కొట్టుకుంటాయి. ఉన్ని దారమైతే మంచిదని చదివి, నా స్నేహితురాలిని గొర్రె ఉన్ని తెమ్మన్నాను.

"మా గొర్రెలకు ఉన్ని యాడిదే? ఒంటి నిండా వెంట్రుకలే. ఇంజనీరమ్మా, గొర్రెను ఎప్పుడన్నా దగ్గర్నుంచి చూసినావా?" అని వెక్కిరించింది. తర్వాత వాళ్ళ తాత పాత గొంగడి అంచు ఊడదీసి నల్ల ఉన్ని పోగులు తెచ్చింది. ఇద్దరం కలిసి వాటిని బెత్తెడు ముక్కలుగా కత్తిరించి రెక్క ఉబ్బు మీద వరుసలుగా అంటించాం. ఉబ్బు మీద మాత్రమే, ఎందుకంటే గాలి విడిపోయేది అక్కడే. రెక్కను కారుకు బిగించాక ఉబ్బు కిందికి పోతుంది, పోగులు పైనుంచి కనపడవు. వాటిని చూడాలంటే నేల మీద కూర్చుని వంగి చూడాలి.

మా విభాగం పెద్ద సారు ఒక షరతు పెట్టాడు. ఆయన కళ్ళ ముందు కారు ఒక మలుపును జారకుండా మూడుసార్లు తిరగాలి, ప్రతిసారీ వేగం పెంచాలి. అప్పుడే పోటీకి పంపే కాగితం మీద సంతకం. మార్కాపురం బయట కొత్తగా వేసిన బైపాసును అప్పటికింకా వాహనాలకు వదలలేదు. రోడ్డు పనివాళ్ళను బతిమాలి ఒక ఉదయం పూటకు అడిగి తీసుకున్నాం. కిలోమీటరు పైన నేరుగా పోయి, పొడుగాటి ఎడమ మలుపు. మలుపు బయటి అంచున కంకర గుట్టలు, వాటి అవతల రెండు నిలువుల లోతు. ఇనుప కంచె ఇంకా వేయలేదు.

ముందురోజు అక్కడికి వెళ్ళి ఆ అంచున ఇసుక బస్తాలు పేర్పించాను. లోతులోకి తొంగి చూస్తే కొమరోలు అత్త మొహం గుర్తొచ్చింది. రోడ్డు మీదే కూర్చుని లెక్క మళ్ళీ మొదటి నుంచి చేశాను. మలుపు దగ్గర మేము అనుకున్న వేగంలో గాలి కారు వెనక భాగాన్ని ఒక సిమెంటు బస్తా బరువుతో అదుముతుంది. అది సరిపోతుంది, ఇంకా మిగులుతుంది కూడా. లేచి దుమ్ము దులుపుకుని ఇంటికి వచ్చాను.

మర్నాడు ఏడింటికే ఎండ చురుక్కుమంటోంది. నేను స్టాప్‌వాచీ పట్టుకుని మలుపు దగ్గర నిలబడ్డాను, పక్కన గొడుగు కింద సారు. కిలోమీటరు అవతల, కారు బయలుదేరే చోట మా నాయన, నా స్నేహితురాలు, మిగతా జట్టు ఉన్నారు. ట్రాలీలో పట్టలేదని రెక్కను విడిగా తెచ్చారు, దాన్ని అక్కడే బిగించాలి. మా నాయన ఫోను చేశాడు.

"పాపా, రెక్క పెడతాండా. ఒకసారి వచ్చి చూసుకోని పోరాదా?"

"సారు ఈడుండాడు నాయనా, రాలేను. గీసిచ్చినా గదా, అట్లనే పెట్టు."

"అట్లనే పెట్టినా. వెల్లకిలానే గదా?"

పక్కన సారు గడియారం చూసుకున్నాడు. నాకు కోపం నెత్తికెక్కింది. ఆరు నెలలుగా నేను పలుకుతున్న మాటకు సరిగ్గా ఎదురు మాట ఆయన నోట విన్నాను. ఇంకేముంది, తప్పుగా పెట్టేశాడు అనుకున్నాను.

"వెల్లకిలా ఏంది నాయనా! బోర్లా! బోర్లా పెట్టాల! ఎన్నిసార్లు చెప్పాల నీకు?"

"బోర్లానా?" అన్నాడు.

"బోర్లా!"

"సరేమ్మా. తిప్పి పెడతా."

ఫోను పెట్టేశాను. సమయానికి తప్పు పట్టుకున్నానని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

గిన్నెలు కడిగి బోర్లిస్తాం. అంటే నోరు కిందికి, వీపు పైకి. తెలుగు వచ్చిన ఎవరికైనా బోర్లా అంటే అదే. మా నాయన నా కాగితం చూసి ఉబ్బు కిందికి, గుంట పైకి, వెల్లకిలా, సరిగ్గా పెట్టాడు. నా మాట విని బోల్టులు విప్పి, ఇంటి మీద రేకు వేసినట్టు ఉబ్బు పైకి తిప్పాడు. ఇప్పుడది అచ్చం విమానం రెక్క. జట్టులో ఒకడికి అనుమానం వచ్చిందట కానీ రెక్క నా భాగం, నా నోటికి జడిసి అడగలేదట. ఈ సంగతంతా నాకు తెలియడానికి ఇంకా అరగంట ఉంది. ఆ అరగంటలో నా స్నేహితురాలు ఆ మలుపును రెండుసార్లు తిరిగింది.

మొదటిసారి మెల్లగా వచ్చింది. కారు బుద్ధిగా తిరిగింది. సారు తల ఊపాడు. రెండోసారి వేగం పెంచింది. నేను ఎడమ చేత్తో ఫోనులో వీడియో తీస్తూ, కుడి చేతిలో స్టాప్‌వాచీ మీద కళ్ళు పెట్టాను. కారు మమ్మల్ని దాటుతుండగా దాని వెనక భాగం బయటికి ఒకసారి విసిరినట్టయి సర్దుకుంది. కంటి కొసతో చూశాను. కొత్త రోడ్డు, సన్న కంకర ఏదో చక్రం కింద పడి ఉంటుందని సరిపెట్టుకున్నాను.

కారు బయలుదేరే చోటికి తిరిగి వెళ్ళాక మా నాయన ఫోను నుంచి ఆమె మాట్లాడింది. "ఏమే, వెనక తేలికైపోతాంది. మలుపులో నడుము కింద బండి లేనట్టుండాది."

"మెల్లగా పోతే అట్లనే ఉంటాది. రెక్క పని చేసేదే వేగంలో. భయపడి కాలు తీస్తే జారుతావు. గట్టిగా తొక్కు, అదే కూర్చుంటాది."

"నిజంగానా?"

"లెక్క నాది. నీకేమీ కాదు."

"సరే," అంది.

ఆ సలహా నేను కల్పించింది కాదు. రెక్క సరిగ్గా ఉన్న కారుకు అది నిజం. వేగం పెరిగేకొద్దీ గాలి అదిమేది పెరుగుతుంది, భయపడ్డవాడే జారుతాడు. కానీ ఆ ఉదయం మా కారు మీద గాలి ఎదురు దిక్కున పని చేస్తోంది. నేను లెక్కలో వేసుకున్న సిమెంటు బస్తా లేదు, కారుకున్న సొంత బరువులోంచే ఇంకో బస్తా పైకి పోతోంది. ఎంత తొక్కితే అంత పోతుంది. పొలం గట్ల మీద పెరిగిన పిల్ల నడుము ఆ సంగతి పసిగట్టి నాకు చెప్పింది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

సారు గొడుగు మరో చేతికి మార్చుకుని, "రెక్కకేవో ఉన్ని పోగులు అంటించారట, ఎక్కడా?" అన్నాడు.

"అవి అడుగున ఉంటాయి సార్. పైనుంచి కనపడవు," అని, రెక్కను చూపిద్దామని ఇందాకటి వీడియో తెరిచి ఆయన ముందు పట్టుకున్నాను.

"ఇవేనా? కనపడుతున్నాయే," అన్నాడు.

మెరిసే రేకు మీద నల్ల పోగులు. వరుసకు వరుస, దువ్వినట్టు వెనక్కు వాలి ఉన్నాయి. ఒక్కటి కూడా కొట్టుకోవడం లేదు. గాలి ఎక్కడా విడిపోలేదు. నేను గీసిన రెక్క గీసినట్టే పని చేస్తోంది, కారును నేల మీద నుంచి ఎత్తడానికి.

మా నాయనకు ఫోను కొట్టాను. మూడుసార్లు మోగింది. ఆ మూడు మోతలు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి.

"ఆపు నాయనా! పిల్లను పోనియ్యొద్దు!"

"ఇప్పుడే పోయిందమ్మా. ఏమైంది?"

ఇంజను మోత అప్పటికే వినపడుతోంది. ఫోను ఎక్కడ పడేశానో తెలియదు. మలుపు వదిలి నేరు రోడ్డు మీదికి, కారుకు ఎదురుగా పరిగెత్తాను. చున్నీ లాగి రెండు చేతులతో ఊపాను. గొంతు చించుకుని అరిచాను, ఆ మోతలో ఆమెకు వినపడదని తెలిసీ అరిచాను. ఎండలో రోడ్డు చివర చుక్కలా ఉన్న కారు చూస్తుండగానే పెద్దదవుతోంది. గట్టిగా తొక్కమని చెప్పింది నేనే. ఆమె నా మాట తూచా తప్పకుండా పాటిస్తోంది. తలలో లెక్క దానంతట అదే సాగుతోంది. ఇప్పుడు ఇంత వేగం, ఇప్పుడు ఇంత బరువు పోయింది, మలుపు దగ్గరికి వచ్చేసరికి ఇంత పోతుంది. ఆపుదామన్నా ఆగలేదు.

ఆమె నన్ను చూసింది. కారు ముక్కు కిందికి దిగింది, బ్రేకు వేసిందన్న మాట. వెనక చక్రాలకు రోడ్డును పట్టుకునే బరువు లేదు. తోక ఎడమకు వచ్చింది, ఆమె సరిచేసింది, కుడికి వచ్చింది, మళ్ళీ సరిచేసింది. మూడోసారి చేతికి అందలేదు. నేను పక్కకు దూకాను. కారు బొంగరంలా తిరుగుతూ నన్ను దాటి, ఇసుక బస్తాలను చీల్చుకుని, కంకర గుట్టను గుద్దుకుని ఆగింది. ఒక వెనక చక్రం అంచు అవతల గాలిలో తిరుగుతూనే ఉంది.

దుమ్ములో ఏమీ కనపడలేదు. అక్కడికి పరిగెత్తిన ఆ కాసేపట్లో ఆమె చచ్చిపోయిందనే అనుకున్నాను. దగ్గరికి వెళ్తే హెల్మెట్ లోపల కళ్ళు తెరిచి ఉన్నాయి, ఆర్పుతోంది.

"చెయ్యే," అంది. "కుడి చెయ్యి కదల్లా."

ముందుగా సారు వచ్చాడు, వెనక ఆయాసపడుతూ మా నాయన, జట్టు. వాళ్ళు కారును పట్టుకుని రోడ్డు మీదికి లాగారు. దుమ్ము అణిగాక సారు రెక్కను పైనుంచి కిందికి చూశాడు.

"దీన్ని బిగించింది ఎవరు?"

"నేనే సార్," అన్నాడు మా నాయన.

"మీ అమ్మాయి గీసిచ్చింది చూసుకోలేదా? తిరగేసి పెట్టారు. చదువు లేనివాళ్ళ చేతికి ఇస్తే ఇంతే."

మా నాయన నా వైపు చూశాడు. ఆ చూపులో నిష్ఠూరం లేదు. నాకేమైనా దెబ్బలు తగిలాయా అని చూశాడు. తర్వాత సారు వైపు తిరిగి, "తప్పు నాదే సార్. తెలియక తిప్పినా. పాపదేం లేదు," అన్నాడు.

నేను మాట్లాడలేదు. ఎంతసేపు అంటే, ఆయన చేతుల గ్రీజును లుంగీకి తుడుచుకుని, వంగి, నా స్నేహితురాలి హెల్మెట్ పట్టీ విప్పేంతసేపు. ఆ కాసేపు నాకు హాయిగా అనిపించింది. చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. నా లెక్క తప్పలేదు, నా పేరుకు మచ్చ లేదు, తప్పెవరిదో తేలిపోయింది. ఇక నేను చేయాల్సింది ఊరికే ఉండడం ఒక్కటే. ఆమె సీట్లో అలాగే కూర్చుని, కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని, నా మొహం వైపే చూస్తోంది.

"సార్, మా నాయన సరిగ్గానే పెట్టినాడు," అన్నాను. "నేనే ఫోన్లో తిప్పిచ్చినా. బోర్లా పెట్టమన్నా. తప్పు నాది."

"బోర్లా అంటే?" అన్నాడు సారు.

చూపిద్దామని చెయ్యి చాపాను. నా అరచెయ్యి దానంతట అదే కిందికి తిరిగింది, వీపు పైకి. ఆరు నెలలు నేను పలికిన మాటకు అర్థం నా చేతికి తెలుసు, నాకే తెలియలేదు. సారు నా చేతినీ, రెక్కనూ చూశాడు.

"ఈ సంవత్సరానికి ఇక చాలు. కారును షెడ్డులో పెట్టండి," అని వెళ్ళిపోయాడు.

ఆమె చేతికి చెక్కముక్క ఆనించి, నా చున్నీతో కట్టి, ఆటోలో ఆసుపత్రికి బయలుదేరాం. ఆమె మధ్యలో, అటు నేను, ఇటు మా నాయన. గతుకు వచ్చినప్పుడల్లా ఆయన ఆమె మోచేతిని కింద నుంచి పట్టుకుంటున్నాడు. ఆమె నా భుజం మీద తల వాల్చి మెల్లగా అంది.

"మీ నాయన రెండు చేతుల్లో స్పానర్లుండె. ఫోను స్పీకర్లో పెట్టి నా చేతికిచ్చినాడు. నువ్వన్నదంతా నేను విన్నా."

నేను తల తిప్పి ఆమె వైపు చూశాను. "మరి సారు అడిగినప్పుడు చెప్పలేదేం?"

"నువ్వు చెప్తావేమో అని చూసినా."

నేనే మళ్ళీ అడిగాను. "చెప్పకపోయింటే?"

"నీ కారు ఇంక ఎక్కకపోదును." నొప్పికి పళ్ళు బిగించి, మళ్ళీ అంది. "నాకూ అప్పుడే అనిపించిందే. ఇది వెల్లకిలానే ఉండాల గదా, ఈమె ఎందుకు తిప్పమంటాంది అని. మీ నాయనకూ అనిపించింది, నా మొహం చూసినాడు. నువ్వన్నావని ఇద్దరం గమ్మునుంటిమి."

మా నాయన విననట్టు రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. నేను ఏడ్చాను. ఆసుపత్రి వచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను. మణికట్టు విరిగిన పిల్ల నన్ను ఊరడించింది.

కట్టు వేయించాక కొమరోలుకు నేనే వెళ్ళాను. ఆమె తల్లికి ఫోనులో చెప్పబుద్ధి కాలేదు. అదే మంచం మీద కూర్చుని, దాచకుండా, మొదటి నుంచి చెప్పాను. పిల్ల బాగుందని విన్నాక ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. తిడుతుందని ఎదురుచూశాను. ఆమె అంతా విని, "మీ నాయన అన్నం తిన్నాడా?" అని అడిగింది. నాకు తెలియదు. ఆ రోజు నేను ఆయన్ను అడగలేదు.

ఏడాది తర్వాత సారును మళ్ళీ ఒప్పించాం. మా వైపు రోడ్లు నిదానంగానే పూర్తవుతాయి, ఆ బైపాసును ఇంకా వదలలేదు. మలుపు దగ్గర కంచె మాత్రం వచ్చింది. ఈసారి స్టాప్‌వాచీ ఇంకొకరికి ఇచ్చి, కారు బయలుదేరే చోటనే నిలబడ్డాను. మా నాయన రెక్కను రెండు చేతుల్లో పట్టుకుని నా ముందుకు వచ్చాడు.

"ఎట్ల పెట్టమంటావు పాపా?"

నేను ఏ మాటా వాడలేదు. రెక్క కింద నా చెయ్యి పెట్టి, ఉబ్బు నా అరచేతిలోకి వచ్చేదాకా తిప్పాను. ఆయన బోల్టులు బిగించి, జేబులోంచి బలపం తీసి, పైన గుంటలో 'నీళ్ళు నిలిచే వైపు' అని పెద్ద అక్షరాలతో రాశాడు. నాకు నవ్వొచ్చింది. ఆయనా నవ్వాడు. నువ్వే సరిగ్గా పెట్టినావు నాయనా అని ఏడాదిగా అనలేకపోయిన మాట అప్పుడన్నాను. "తెలుసులే," అన్నాడు.

నా స్నేహితురాలు హెల్మెట్ చంకలో పెట్టుకుని వచ్చింది. కారు వెనక మోకాళ్ళ మీద కూర్చుని, రెక్క కిందికి చెయ్యి పోనిచ్చి, నా వైపు చూడకుండా, ఉన్ని పోగులను ఒక చివర నుంచి ఇంకో చివరదాకా వేళ్ళతో తడిమింది. ఒక్కటి కూడా వదల్లేదు. ఆ తర్వాతే హెల్మెట్ పెట్టుకుంది.